టర్బో కాంటెస్సాకు మళ్ళీ ఐదు గేర్లు ఎక్కించిన వరంగల్ షెడ్డు

వరంగల్ ఆటోనగర్‌లో లేత్ దుకాణాల వరుస దాటిన తర్వాత, బయట పేరు బోర్డు కూడా లేని ఒక రేకుల షెడ్డు ఉంది. అంబాసిడర్, కాంటెస్సా, పాత జీపు వంటి వెనక చక్రాలతో నడిచే బండ్లకు గేర్ బాక్సు, క్లచ్, క్రౌన్ (వెనక ఇరుసు మధ్యలో శక్తిని చక్రాలకు మళ్ళించే గేర్లు) పనులు మాత్రమే అక్కడ చేస్తారు; పెయింటింగు గానీ, డెంటింగు గానీ, ఏసీ గానీ ముట్టుకోరు. నా కాంటెస్సా టర్బో డీజిల్‌కు పాత యజమాని బిగించిన నాలుగు గేర్ల బాక్సును విప్పి, ఆ బండికి అసలు ఉండవలసిన ఐదు గేర్ల ఇసుజు బాక్సును తిరిగి ఎక్కించే పనిని ఈ షెడ్డు వారికి అప్పగించాను. పని పూర్తయ్యాక హనుమకొండ నుంచి జనగామ వరకు, ములుగు మీదుగా ఏటూరునాగారం వరకు, కరీంనగర్ దారిలో హుజూరాబాద్ వరకు బండిని నడిపి చూసి, ఇప్పుడు ఈ సమీక్ష రాస్తున్నాను. ఉత్తర తెలంగాణలో పాత బండ్లను ప్రేమతో కాపాడుకుంటున్నవారు చాలామందే ఉన్నారు. గేర్ బాక్సు అనగానే హైదరాబాద్ పరుగెత్తడం వారికి అలవాటైపోయింది. ఆ అవసరం లేదని చెప్పడానికి నాకు గట్టి ఆధారం దొరికింది.

ముందుగా బండి గురించి కొంత చెప్పాలి, ఎందుకంటే షెడ్డు వారు చేసిన పని విలువ అది తెలిస్తేనే అర్థమవుతుంది. బ్రిటన్‌కు చెందిన వాక్స్‌హాల్ వీఎక్స్ కారు ఆకారాన్ని ఆధారం చేసుకుని హిందుస్థాన్ మోటార్స్ తన ఉత్తరపారా కర్మాగారంలో 1984 నుంచి 2002 వరకు కాంటెస్సాను తయారు చేసింది. పొడవైన బానెట్టు, వెడల్పాటి ముఖం, వెనక చక్రాలకు అందే శక్తి చూసి దీనిని మన దేశపు మజిల్ కారు అని ఇప్పటికీ పిలుస్తారు గానీ, మొదట్లో దాని లోపల ఉన్నది అంబాసిడర్‌లో వాడిన 1489 సీసీ ఇంజినే, దాని వెనక నాలుగు గేర్ల బాక్సే. అంత బరువైన ఒంటికి ఆ ఇంజిను ఏ మూలకూ చాలలేదు. తర్వాత జపాన్ ఇసుజు సంస్థ సాంకేతికతతో 1817 సీసీ పెట్రోలు ఇంజిను, దానితోపాటు ఐదు గేర్లు వచ్చాక ఈ కారుకు తగిన పరువు దక్కింది. ఆపైన 1995 సీసీ ఇసుజు డీజిలు, అదే డీజిలుకు టర్బో (పొగ వాయువుల బలంతో తిరిగి ఇంజినులోకి ఎక్కువ గాలిని నెట్టే చక్రం) అమర్చిన రకం కూడా వచ్చాయి. నా దగ్గరున్నది ఆ చివరి రకం.

దీనికి పాత యజమాని చేయించిన పని మాత్రం బండి స్వభావానికే విరుద్ధం. అసలు గేర్ బాక్సు పాడైనప్పుడు విడి భాగాలు దొరకలేదని, పాత 1489 సీసీ ఇంజినుతో వచ్చే నాలుగు గేర్ల బాక్సును తెచ్చి, ఇంజినుకూ దానికీ మధ్య ఇంట్లో కోసిన ఇనుప పలక ఒకటి పెట్టి బిగించారు. నాలుగవ గేరులో ఇంజిను ఒక చుట్టు తిరిగితే బాక్సు నుంచి వెనక ఇరుసుకు శక్తిని మోసే ప్రొపెల్లర్ షాఫ్టు కూడా సరిగ్గా ఒక చుట్టే తిరుగుతుంది. దానికి పైన మరో గేరు లేదు కాబట్టి హైవే మీద డీజిలు ఇంజిను అరుస్తూనే ఉంటుంది. అసలు బాక్సులోని ఐదవ గేరు ఓవర్‌డ్రైవ్ గేరు, అంటే ఇంజిను కంటే షాఫ్టును వేగంగా తిప్పేది. ఉదాహరణకు ఆ గేరు నిష్పత్తి 0.85 అనుకుంటే, నాలుగవ గేరులో నిమిషానికి 3000 చుట్లు తిరగవలసిన చోట ఇంజిను 2550 చుట్లతో అదే వేగాన్ని ఇస్తుంది. గంటల తరబడి సాగే ప్రయాణంలో ఆ 450 చుట్ల తేడా చెవికీ, డీజిలు ఖర్చుకూ, ఇంజిను ఆయుష్షుకూ చాలా పెద్దది. దీనికి తోడు, టర్బో వల్ల తక్కువ చుట్ల దగ్గరే పెరిగే మెలితిప్పు బలం ఆ చిన్న బాక్సు పళ్ళ మీద పడి, మూడవ గేరు సింక్రో రింగులు (గేరు పడే ముందు వేగాలను సమం చేసే రింగులు) అరిగిపోయి, వేసిన గేరు దానంతటదే జారి బయటికి వచ్చేది.

షెడ్డు యజమానికి బండి చూపించినప్పుడు ఆయన వెంటనే ధర చెప్పలేదు. కిందికి దూరి, ఆ ఇనుప పలకను టార్చి వెలుగులో చాలాసేపు చూసి, "సార్, బాక్సు ఒక్కటి మారిస్తే అయిపోదు. ఫ్లైవీల్ కాడికెల్లి క్రౌన్ దాకా లైన్ అంతా చూడాలె. అట్లయితెనే చేస్త, లేకపోతె వేరేకాడ చూసుకోండి" అన్నారు. ఈ షెడ్డు గురించి నేను చెప్పదలచిన ముఖ్యమైన విషయం ఆ మాటలోనే ఉంది. గేర్ బాక్సు మార్పిడిని నట్లు విప్పి నట్లు బిగించే పనిగా చూసేవారు ఎక్కడైనా దొరుకుతారు. ఇంజిను చివర తిరిగే బరువైన చక్రం, అంటే ఫ్లైవీల్, నుంచి వెనక ఇరుసు వరకు ఒకే గీత మీద ఉండవలసిన యంత్రభాగాల వరుసగా చూసేవారు అరుదు.

ఏ బాక్సు వేయాలన్న ప్రశ్న దగ్గర ఆయన చూపిన నిగ్రహం నాకు చాలా నచ్చింది. బొలెరో వంటి బండ్లలో వచ్చే ఐదు గేర్ల బాక్సు విడి భాగాలు ఏ ఊళ్ళోనైనా దొరుకుతాయి, అది బలమైనది కూడా, కాబట్టి దాన్నే వేయించుకొమ్మని నాకు ఇంతకుముందు కొందరు సలహా ఇచ్చారు. అది వేయాలంటే మళ్ళీ ఒక పలక కోయాలి, క్లచ్ ప్లేటు మధ్యలోని పళ్ళు ఆ బాక్సు ఇన్‌పుట్ షాఫ్టుకు సరిపోయేలా వేరే ప్లేటు వెతకాలి, గేర్ లివరు పైకి వచ్చే చోటు మారుతుంది కాబట్టి నేల రేకు కోయాలి, కింద బాక్సును మోసే అడ్డ కడ్డీని (క్రాస్ మెంబరు) జరపాలి. ఇవన్నీ చేయగలిగే నైపుణ్యం ఆ షెడ్డులో ఉన్నా, స్క్రాపుకు వెళ్ళిన మరో కాంటెస్సా డీజిల్ నుంచి బెల్ హౌసింగుతో (క్లచ్‌ను కప్పుతూ ఇంజినునూ బాక్సునూ కలిపే తొడుగు) సహా అసలు బాక్సు దొరికే అవకాశం ఉన్నప్పుడు కొత్తగా కోత పెట్టడం తప్పని ఆయన పట్టుబట్టారు. ఎక్కువ కూలి వచ్చే పనిని కాదని తక్కువ కూలి వచ్చే సరైన పనిని సూచించే మెకానిక్కును నమ్మవచ్చు. బాక్సును ఆయనే వెతికి తెప్పించి, నా కళ్ళ ముందే విప్పి, పనికిరాని బేరింగులు, సింక్రో రింగులు, ఆయిల్ సీళ్ళు పక్కన పెట్టి చూపించి, మార్చవలసినవి ఏవో, ఇంకా కొన్నేళ్ళు నడిచేవి ఏవో విడమరచి చెప్పారు.

ఇక అసలు పని గురించి కాస్త వివరంగా రాయాలి. బెల్ హౌసింగు మధ్య రంధ్రం, ఇంజిను క్రాంక్ షాఫ్టు మధ్య బిందువు ఒకే గీత మీద లేకపోతే గేర్ బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు ప్రతి చుట్టులోనూ పక్కకు నెట్టుకుంటూ తిరుగుతుంది. క్రాంకు చివర ఆ షాఫ్టు ముక్కును పట్టుకునే పైలట్ బేరింగు త్వరగా పోతుంది, క్లచ్ పూర్తిగా విడవదు, గేర్లు జారుతాయి. దీన్ని కొలిచే పద్ధతి సులువైనదే. ఫ్లైవీల్ మీద అయస్కాంతంతో డయల్ గేజీని నిలబెట్టి, దాని ముల్లును బెల్ హౌసింగు రంధ్రం అంచుకు ఆనించి, క్రాంకును చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పితే తేడా ఎంతో తెలిసిపోతుంది. సాధారణంగా అంగుళంలో వెయ్యింట అయిదు భాగాలు, అంటే సుమారు 0.13 మిల్లీమీటర్లు, దాటకూడదని ఈ పని తెలిసినవారు అంటారు. ఈ కొలత తీసే గ్యారేజీలు మన వైపు ఎన్ని ఉన్నాయో ఈ రంగంలో ఉన్నవారికి తెలుసు. పాత ఇనుప పలకతో ఉన్న బిగింపును విప్పకముందే ఈ కొలత తీసి, ముల్లు ఆ హద్దును దాటి ఎంత దూరం ఊగుతోందో నాకు చూపించారు. మూడవ గేరు ఎందుకు జారేదో అప్పుడు పూర్తిగా బోధపడింది. అసలు బెల్ హౌసింగు బిగించాక మళ్ళీ కొలిచారు. దానిలోనూ కొద్దిపాటి తేడా కనిపిస్తే, "కంపెనీదే కదా, నడుస్తది" అని వదిలేయకుండా పక్కనున్న లేత్ దుకాణంలో మధ్య బిందువు కొద్దిగా పక్కకు జరిగిన డోవెల్ పిన్నులు (బెల్ హౌసింగును ఇంజినుకు సరైన చోట నిలిపే మొలలు) చేయించి, హద్దులోకి తెచ్చారు.

ఆ లేత్ దుకాణంలో పనిచేసే పెద్దాయన కాజీపేట లోకో షెడ్డులో టర్నరుగా చేసి పదవీ విరమణ పొందినవారు. రైలు ఇంజిన్ల భాగాలు తిప్పిన చేతికి ఈ పిన్నులు చిన్న పనే అయినా, మైక్రోమీటరు లేకుండా ఆయన ఒక్క భాగాన్నీ చేతికి ఇవ్వలేదు. కాజీపేట రైల్వే, రామగుండం, గోదావరిఖని వైపు బొగ్గు గనులు ఈ ప్రాంతానికి ఇచ్చిన యంత్రవిద్య ఇలాంటి చిన్న దుకాణాల్లో ఇంకా సజీవంగా ఉంది, దాన్ని మనం వాడుకోవాలి.

ఫ్లైవీల్ ముఖాన్ని కూడా అక్కడే చదును చేయించారు. పాత క్లచ్ జారి జారి దాని మీద నీలం రంగు మచ్చలు, సన్నటి పగుళ్ళు వచ్చాయి. వాటి మీద కొత్త ప్లేటు వేస్తే బండి కదిలేటప్పుడు వణుకు తప్పదు. క్లచ్ ప్లేటు విషయంలో, టర్బో బలాన్ని తట్టుకుంటుందని సిరామిక్ బొత్తాల ప్లేటు వేయమని నేనే అడిగాను. ఆ ప్లేటు పట్టు గట్టిదే గానీ, హనుమకొండ చౌరస్తా వంటి చోట అంగుళం అంగుళం కదిలేటప్పుడు ఒక్కసారిగా పట్టుకుని బండిని కుదుపుతుందని, ఆ కుదుపు అంతా గేర్ పళ్ళ మీదా, ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసుల (షాఫ్టు వంగుతూ తిరగడానికి ఉండే కీళ్ళ) మీదా పడుతుందని ఆయన ఓపికగా చెప్పి, మామూలు ప్లేటుకే, దాన్ని ఫ్లైవీల్‌కు అదిమిపట్టే కాస్త బలమైన ప్రెషర్ ప్లేటును జత చేశారు. పెడల్ కొంచెం బరువెక్కింది, కానీ బండి పట్టుగా, మెత్తగా కదులుతోంది. ఆ నిర్ణయం సరైనదని ట్రాఫిక్కులో నడిపిన ప్రతిసారీ అనిపిస్తోంది.

ప్రొపెల్లర్ షాఫ్టు పనిలో కూడా ఇదే శ్రద్ధ కనిపించింది. బాక్సు మారితే దాని తోక పొడవు మారుతుంది, షాఫ్టు పొడవూ మారాలి. పాత యజమాని షాఫ్టు మధ్యలో ఒక గొట్టం ముక్క అతికించి వెల్డింగు చేయించారు; దాన్ని పూర్తిగా పక్కన పెట్టి, కొత్త గొట్టంతో సరైన పొడవు షాఫ్టు చేయించి, బ్యాలెన్సింగుకు హైదరాబాద్ పంపారు. రెండు చివర్ల ఫోర్కులు ఒకే తలంలో ఉన్నాయో లేదో, గేర్ బాక్సు చివర షాఫ్టు వంగే కోణం, వెనక క్రౌన్ దగ్గర వంగే కోణం సమానంగా ఉన్నాయో లేదో యాంగిల్ మీటరు పెట్టి చూశారు. ఈ రెండు కోణాలు సమానంగా లేకపోతే క్రాసులు షాఫ్టును ప్రతి చుట్టులోనూ రెండుసార్లు వేగంగా, రెండుసార్లు నెమ్మదిగా తిప్పుతాయి. సీటు కింద వచ్చే ఆ సన్నటి వణుకును చాలామంది టైరు లోపమనుకుని చక్రాలు మారుస్తూ తిరుగుతారు. గేర్ బాక్సు కింది రబ్బరు మౌంటింగు దగ్గర పలచని రేకు ఒకటి చేర్చి ఆ కోణాన్ని సరిచేశారు.

టర్బో ఉన్న బండికి చేతి గేర్లు వేయడంలో ఒక ప్రత్యేకమైన సంగతి ఉంది. గేరు మార్చడానికి కాలు ఎత్తగానే ఇంధనం తగ్గుతుంది, పొగ గొట్టంలోకి వెళ్ళే వాయువుల బలం తగ్గుతుంది, దానితో తిరిగే టర్బో చక్రం నెమ్మదిస్తుంది. తర్వాతి గేరులో అది మళ్ళీ పుంజుకునే వరకు బండి నీరసంగా ఉంటుంది. అమెరికాలో 1987 నాటి బ్యూక్ గ్రాండ్ నేషనల్, 3.8 లీటర్ల టర్బో వీ6 ఇంజినుతో ఎంతో పేరు తెచ్చుకున్న మజిల్ కారు, ఆటోమేటిక్ గేర్లతో మాత్రమే వచ్చింది. ఆటోమేటిక్‌లో గేరు మారేటప్పుడు కాలు ఎత్తనక్కర లేదు కాబట్టి టర్బో బలం నిలిచి ఉంటుంది. ఆ కారుకు చేతి గేర్లు వేయించుకునే అభిమానులు అక్కడ కూడా ఫ్లైవీల్, పెడల్, క్రాస్ మెంబరు, షాఫ్టు పొడవు అనే ఇవే చిక్కులను దాటాలి. మా పాత డీజిలు ఇంజినులో గాలి దారికి అడ్డుగా థ్రాటిల్ రేకు లేదు కనుక, కాలు ఎత్తినప్పుడు టర్బోలో గాలి వెనక్కి తన్నే పెట్రోలు బండ్ల సమస్య ఉండదు. అయినా గేర్ల మధ్య ఎడం ఎక్కువైతే ఇంజిను చుట్లు టర్బో పట్టు కింది స్థాయికి పడిపోతాయి. నాలుగు గేర్ల బాక్సులో సరిగ్గా అదే జరిగేది. ఐదు గేర్ల బాక్సులో ఎడం తగ్గింది కాబట్టి మూడు నుంచి నాలుగుకు మార్చినప్పుడు టర్బో ఊపు చాలావరకు నిలుస్తోంది.

గేర్ ఆయిల్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. బాక్సులో జీఎల్-4 రకం ఆయిలే పోయాలని, క్రౌన్‌కు వాడే జీఎల్-5ను గేర్ బాక్సులో పోయవద్దని షెడ్డు వారు బిల్లు మీద రాసి మరీ ఇచ్చారు. జీఎల్-5లో గంధకం, భాస్వరం కలిసిన పదార్థాలు ఎక్కువగా ఉండి, ఇత్తడి సింక్రో రింగులను తినివేసే ప్రమాదం ఉంది. రెండింటికీ ఒకే డబ్బాలో నుంచి పోసే అలవాటు మన గ్యారేజీల్లో విస్తారంగా ఉంది. ఎన్నో మంచి బాక్సులు అలాగే పాడయ్యాయి.

నడిపిన అనుభవం ఇది. హనుమకొండ నుంచి జనగామ వెళ్ళే 163వ జాతీయ రహదారి మీద, స్టేషన్ ఘన్‌పూర్ దాటాక ఐదవ గేరులో గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే పక్కన కూర్చున్నవారితో గొంతు పెంచకుండా మాట్లాడగలిగాను. పాత బాక్సుతో ఇది జరగని పని. పస్రా దాటి తాడ్వాయి అడవిలో మలుపులు, ఎత్తుపల్లాలు వచ్చినప్పుడు మూడవ గేరు జారకుండా నిలబడింది, దిగుడులో ఇంజిను పట్టు మీదే బండి నెమ్మదించింది. ఎల్కతుర్తి దగ్గర వడ్ల ట్రాక్టర్ల వెనక, ఎనుమాముల మార్కెట్టు వైపు కదిలే పత్తి లారీల వెనక నెమ్మదిగా సాగినప్పుడు కూడా క్లచ్ వేడెక్కిన వాసన రాలేదు. రివర్సు గేరు మాత్రం చల్లటి పొద్దున కొద్దిగా మొరాయిస్తుంది; క్లచ్ తొక్కి ఒక క్షణం ఆగి వేస్తే పడుతుంది.

లోపాలు లేవని అనను. అన్నిటికంటే పెద్దది స్పీడోమీటరు. గేర్ బాక్సు నుంచి మీటరు కేబులును తిప్పే చిన్న పళ్ళచక్రం (పినియను) పళ్ళ సంఖ్య నా వెనక క్రౌన్ నిష్పత్తికి సరిపోలేదు. జీపీఎస్ 72 చూపుతున్నప్పుడు మీటరు ముల్లు 80 దగ్గర ఉంటోంది. షాఫ్టు కోణాన్ని అంత సూక్ష్మంగా కొలిచినవారు దీన్ని పట్టించుకోకపోవడం నాకు బాధ కలిగించింది. సరైన పినియను దొరకగానే ఉచితంగా మారుస్తామన్నారు, ఇంకా దొరకలేదు. రెండవది, గేర్ లివరు చుట్టూ ఉండే రబ్బరు తొడుగు పాతదే వేశారు. దాని చీలికలోంచి వేడిగాలి, ఇంజిను చప్పుడు లోపలికి వస్తున్నాయి. పాత యజమాని కోసిన నేల రేకును తిరిగి అతికించారు గానీ, ఆ అతుకు మీద తుప్పు పట్టకుండా పూయవలసిన పూత నేను అడిగే వరకు పూయలేదు. మూడవది గడువు. వారు చెప్పిన సమయానికి పని కాలేదు, ఆలస్యమవుతోందని వారంతట వారు ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు. ఆలస్యానికి కారణం షాఫ్టు బ్యాలెన్సింగే అయినా, దూరం నుంచి వచ్చేవారికి ఒక ఫోన్ ఎంత ముఖ్యమో వారు గ్రహించాలి. పనిలో ఇంత నిజాయితీ ఉన్నవారు మాట విషయంలోనూ అంతే పట్టింపుగా ఉండాలని కోరుకుంటున్నాను.

ఖర్చు విషయానికి వస్తే, పనికూలి 34,000 రూపాయలు తీసుకున్నారు. స్క్రాపు బాక్సు, దానిలోకి కొత్త బేరింగులు, సింక్రో రింగులు, క్లచ్ సెట్టు, షాఫ్టు, లేత్ పని అన్నీ కలిపి దాదాపు మరో 60,000 అయ్యాయి. ప్రతి భాగానికీ కొన్న దుకాణం రసీదును బిల్లుకు పిన్ను చేసి ఇచ్చారు, తీసేసిన పాత భాగాలన్నిటినీ గోనె సంచిలో కట్టి డిక్కీలో పెట్టారు. పాత బండ్ల పనిలో ఇంతటి పారదర్శకత నేను ఈ చుట్టుపక్కల చూడలేదు, కాబట్టి ఆ కూలి న్యాయమైనదేనని నా అభిప్రాయం.

చట్టం గురించి ఒక మాట అవసరం. రిజిస్ట్రేషన్ పత్రంలో ఇంజిను, ఛాసిస్ నంబర్లు ఉంటాయి, గేర్ బాక్సు నంబరు ఉండదు. కంపెనీ ఇచ్చిన రకం బాక్సునే తిరిగి వేయడం వల్ల నా పత్రాల్లో మారేదేమీ లేదు. ఇంజినునే మార్చాలనుకునేవారు మాత్రం మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం రవాణా శాఖ అనుమతి తీసుకోవాలి. నేను ఉన్నప్పుడే ఒకరు పెట్రోలు కాంటెస్సాకు డీజిలు ఇంజిను వేయమని అడగగా, ఆర్టీఏ కాగితం తెస్తేనే బండి లోపలికి తీసుకుంటామని వారు స్పష్టంగా చెప్పారు. పదిహేనేళ్ళు దాటిన సొంత కార్లకు రిజిస్ట్రేషన్ ప్రతి ఐదేళ్ళకూ పునరుద్ధరించుకోవాలి కాబట్టి, ఈ జాగ్రత్త యజమానికే మేలు.

ఈ షెడ్డుకు వెళ్ళదలచినవారు బాక్సును తామే కొని తీసుకువెళ్తే, బెల్ హౌసింగు, క్లచ్ ఫోర్కు, గేర్ లివరు, స్పీడోమీటరు పినియను, కింది క్రాస్ మెంబరు అన్నీ అదే బండివి తెచ్చుకోవాలి. విడిగా బాక్సు ఒక్కటే తెస్తే మిగతావి వెతకడానికే ఎక్కువ కాలం పడుతుంది. వెనక క్రౌన్ నిష్పత్తి ఎంతో ముందే చెప్పి, దానికి తగిన స్పీడోమీటరు పినియను వేసేలా బిల్లు మీద రాయించుకోవాలి. కొత్త క్లచ్ కుదురుకునే మొదటి 500 కిలోమీటర్ల వరకు బరువు లాగవద్దని, టర్బో పూర్తి ఊపులో ఉండగా గేరు గబగబా మార్చవద్దని వారు చెబుతారు. ఆ తర్వాత బండిని తీసుకువెళ్తే బోల్టుల బిగువు, ఆయిల్ కారడం, పెడల్ ఆట ఉచితంగా చూసి పంపుతారు.